చెడని మోటరు

సాయన్న డ్రైవరుగా చేరి పదకొండు రోజులైంది. ఈ పదకొండు రోజుల్లో ఒక్కనాడు కూడా అతను క్లీనరు అబ్రాహాముకంటే ముందు మోటరు దగ్గరికి రాలేకపోయాడు. ఇవాళ పంతం పట్టి తెల్లవారుజామునే లేచి వచ్చాడు. వచ్చి చూస్తే మోటరు కింద నుంచి రెండు పాదాలు బయటికి కనిపిస్తున్నాయి.

"లేచినవా సాయన్నా? గా సుత్తె ఇటియ్యి," అన్నాయి పాదాలు.

సాయన్న సుత్తె ఇచ్చాడు. అరచేతిలో ఇమిడిపోయే సుత్తె అది. యాభై దాటిన అబ్రాహాము కిందినుంచి జారి బయటికొచ్చి, చక్రం ముందు గొంతుక్కూర్చుని ఒక్కొక్క నట్టు మీదా మెల్లగా కొట్టసాగాడు. టంగ్, టంగ్, టంగ్. నాలుగో దాని మీద కొట్టి ఆగాడు. మళ్ళీ కొట్టాడు.

"ఇన్నవా?"

"ఏముంది? అన్నీ ఒక్క తీరుగనే ఉన్నయి గద."

"ఇది జెర బొంగురు పోయింది." పానా పెట్టి పావు చుట్టు బిగించి మళ్ళీ కొట్టాడు. ఈసారి సాయన్నకూ తేడా తెలిసింది. నిజామాబాదులో కొత్త లారీలు నడిపి వచ్చిన మనిషి సాయన్న. అవి మూడు ట్రిప్పులకొకసారి ఎక్కడో ఒకచోట మొరాయించేవి. ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డి స్టేషనుకు పోయివచ్చే ఈ మోటరు పదిహేనేళ్ళ ముసలిది. పైన గుడ్డ టాపు చిరిగి రెండుచోట్ల గోనెపట్టా అతుకేశారు. చక్రాలకు ఎడ్లబండికి ఉన్నట్టే కర్ర ఆకులు. అయినా మూడేళ్ళుగా దారిలో ఒక్కసారి ఆగలేదట. మొదట్లో సాయన్న ఇదంతా ఊరి గొప్పలు అనుకున్నాడు. ఈ పదకొండు రోజులూ అబ్రాహాము చేతులు చూశాక నోరు మూసుకున్నాడు.

ఆ చేతులు చేసే పనులు చిత్రంగా ఉండేవి. బావినీళ్ళకు సున్నం పడుతుందని వాగునీళ్ళు తెచ్చి, రెండు రోజులు తేర్చి, గుడ్డలో వడగట్టి ఇంజనులో పోసేవాడు. పెట్రోలును మెత్తటి తోలులోంచి వడగట్టేవాడు. ఎండలకు కర్ర ఆకులు ఎండి వదులవుతాయని సాయంత్రం నాలుగు చక్రాలకూ తడి గోనెలు చుట్టేవాడు. మోటరు కామారెడ్డి పోయి వచ్చిన ప్రతిసారీ మొలకు కట్టుకున్న నూలుతాడులో ఒక ముడి వేసేవాడు. ఇరవై ముడులు పడితే ఇంజనులోని నూనె దించాలి. దించిన నల్లటి నూనెను అరచేతిలో పోసుకుని ఎండకు పట్టి చూసేవాడట. అందులో సన్నగా ఇనుము మెరిస్తే లోపల ఏదో అరుగుతున్నట్టు. చదువు రాని మనిషి చుక్క నూనెలో ఇంజను కడుపంతా చూస్తాడంటే సాయన్నకు భయంలాంటిది కూడా కలిగింది.

ఆ బండిలో అబ్రాహాము చెయ్యి తగలని నట్టు లేదు. అతను కూర్చున్న సీటు మాత్రం ఒక్కటీ లేదు. సీట్ల మీద దుమ్ము కూడా బయట నిలబడి, మోకాలు ఆనించకుండా వంగి దులపాలి. ప్రయాణంలో ఎడమవైపు ఫుట్‌బోర్డు మీద నిలబడి టాపు ఇనుపకమ్మి పట్టుకుని వచ్చేవాడు. ఇరవై అయిదు మైళ్ళు పోను, ఇరవై అయిదు మైళ్ళు రాను. ఎనిమిదేళ్ళుగా అంతే. ఎవరూ ఇది అన్యాయం అనలేదు. సాయన్న కూడా అనలేదు.

ఆ పొద్దున అబ్రాహాము ముందు చక్రం ఒకటి విప్పి, లోపలి బేరింగు గోలీలను కడిగి, కొత్త గ్రీజు వేలితో అద్దుతున్నాడు. పసిపిల్ల నోట్లో తేనె రాసినట్టు రాస్తున్నాడు. అప్పుడే మోటరు యజమాని సిద్ధిరాములు వేపపుల్ల నములుతూ వచ్చాడు. అంగడిబజారులో కిరాణా దుకాణం, మూడు ఎడ్లబండ్లు, ఈ ఒక్క మోటరు ఆయనవి.

"పొద్దుగాల్నే చక్రం ఇప్పినవేందిరా? చెడిందా?"

"చెడలే సావుకారి. చెడకుండ చేస్తున్న."

"చెడకుంటె ఇప్పుడెందుకు? జర్మనీ లడాయి మొదలైనకాంచి గ్రీజు డబ్బ దొరుకుడే గగనమైతుంది. నువ్వేమో మంచిగున్న చక్రానికి పిసుకుతున్నవ్."

"చప్పుడచ్చినంక కందెన పెట్టేది ఎడ్లబండికి సావుకారి. దీనికి చప్పుడచ్చిందంటె లోపల పని అయిపోయినట్టే."

సిద్ధిరాములు పుల్ల ఉమ్మేసి మోటరు చుట్టూ ఒకసారి తిరిగాడు. ఆయన చెడ్డవాడేం కాదు. కంటికి కనపడని దాన్ని నమ్మడం మాత్రం ఆయనకు చేతకాదు.

"మూడేండ్లాయె. ఒక్కనాడన్న దారిల ఆగిందా?"

"ఆగలే."

"మరి ఆగని బండికి డ్రైవరు గాక ఇంకో మనిషెందుకురా? రేపటికాంచి నువ్వు రాకు. సాయన్నా, నీళ్ళు పోసుడు, గాలి కొట్టుడు నువ్వు చేస్తవ్ గద?"

అబ్రాహాము వేలి మీద గ్రీజు అట్లాగే ఉంది. ఒక్క మాట అనాలి, ఇప్పుడే అనాలి అని సాయన్నకు తెలుసు. మోటరు ఆగకపోవడానికి కారణం ఈ మనిషే అని చెప్పాలి. కొత్త కొలువు.

"చేస్త," అన్నాడు.

అబ్రాహాము గ్రీజు పెట్టడం పూర్తి చేశాడు. చక్రం ఎక్కించి, నట్టు బిగించి, నడుమనున్న ఇత్తడి మూత తిప్పి, దాన్ని పంచె కొంగుతో మెరిసేదాకా తుడిచాడు. చక్రాన్ని గాలిలో ఒకసారి తిప్పి చెవి పెట్టి విన్నాడు. తరువాత మొలనుంచి నూలుతాడు విప్పి సాయన్న చేతిలో పెట్టాడు.

"పదిహేడు ముడులున్నయి. ఇంక మూడైతె నూనె దించు. డబ్బల గ్రీజు సీటు కింద పెట్టిన."

అప్పగింతలు అయిపోయాయి. సుత్తెను మాత్రం అతను కొంచెంసేపు చేతిలో ఉంచుకుని, ఆ తరువాత ఇచ్చాడు.

*

సాయన్న సిగ్గుపడ్డాడు. ఆ సిగ్గు పోగొట్టుకోవడానికి అతనికి తెలిసింది పనే. మర్నాటి నుంచి తనే తెల్లవారుజామున లేచాడు. సుత్తె పట్టుకుని నట్లు కొట్టాడు. మొదటి రోజు అన్నీ ఒకేలా మోగాయి. రెండో రోజు ఒకటి బొంగురు పోయినట్టనిపించి బిగించాడు. నీళ్ళు తేర్చాడు, గోనెలు తడిపాడు, పెట్రోలు వడగట్టాడు. కామారెడ్డి స్టేషను దగ్గర ఆగగానే నాలుగు చక్రాల నడుమా అరచెయ్యి పెట్టి చూశాడు. మూడు వెచ్చగా ఉండి ఒకటి కాలితే అది ఎండిపోతోందని అబ్రాహాము చెప్పి ఉన్నాడు. నాలుగూ సమానంగా వెచ్చగా ఉన్నాయి. ఒక మనిషి ఎనిమిదేళ్ళుగా ఈ వేడిని చేత్తో పట్టుకుని మోటరును కాపాడాడు కదా అని సాయన్నకు కళ్ళు చెమ్మగిల్లాయి.

మోటరు చెక్కుచెదరకుండా నడిచింది. ముందు సీటులో, దుప్పటి మడిచి వేసుకున్న తన చోటులో కూర్చుని సిద్ధిరాములు వెనక్కి తిరిగి ప్యాసింజర్లతో అన్నాడు:

"ఒక మనిషిని తీసేసిన. చూసిండ్రా, బండి ఇంకింత మంచిగ నడుస్తుంది!"

సాయన్న చేతిలో స్టీరింగు బరువెక్కింది. తను ఎంత బాగా చేస్తే సావుకారి మాట అంత నిజమవుతోంది. చేయకపోతే బండి చస్తుంది. ఇదెక్కడి తిరకాసు!

లింగంపేట రాకముందే రోడ్డు పక్కన కంకర కుప్పలు పోసి ఉన్నాయి. అక్కడ అబ్రాహాము, అతని భార్య లిదియా రాళ్ళు కొడుతున్నారు. మోటరు దగ్గరికి వచ్చినప్పుడు అబ్రాహాము చెయ్యి ఎత్తలేదు, తల కూడా ఎత్తలేదు. సమ్మెట ఆపి తల కొంచెం పక్కకు వాల్చాడు. మోటరు దాటిపోయేదాకా అలాగే ఉండి, మళ్ళీ కొట్టడం మొదలుపెట్టాడు. పోయేటప్పుడు అట్లాగే, వచ్చేటప్పుడు అట్లాగే. ముఖం చూడకుండానే మోటరు ఒంట్లో ఎలా ఉందో తెలుసుకుంటున్నాడని సాయన్నకు అర్థమైంది.

అయిదో రోజు సాయంత్రం సాయన్న ఊరవతల అబ్రాహాము ఉండే వాడకు పోయాడు. వాకిలి బయటే నిలబడ్డాడు. లోపలికి రమ్మని వాళ్ళూ అనలేదు. అది అలవాటు లేని పని. రెండు వైపులా ఇబ్బందిగానే ఉంది.

"ఎడమ దిక్కు వెనుక టైరుకు గాలి తక్కువైంది," అన్నాడు అబ్రాహాము, పలకరింపుగా.

"కొట్టిన. గది కాదు. నేనొకటి అనుకున్న." సాయన్న గొంతు తగ్గించాడు. "నాలుగు దినాలు దేన్నీ ముట్టకుండ ఇడిశిపెడ్త. యాడనో ఓ కాడ ఆగుతది. అప్పుడు సావుకారి తనంత తానే నిన్ను పిలుస్తడు."

అబ్రాహాము లేచి నిలబడ్డాడు. అంత మెత్తటి మనిషికి అంత కోపం వస్తుందని సాయన్న ఊహించలేదు.

"దాని తప్పేముంది? చెప్పు, అదేం చేసింది? నా కొలువు కోసం దాన్ని ఎండబెడ్తవా?"

"ఇనుము గద అన్నా అది." అబ్రాహామును అన్నా అని పిలవడం అదే మొదటిసారి. పిలిచాక గాని సాయన్నకే తెలియలేదు.

"ఇనుమే. నోరు లేదు. ఎండింది, అరిగింది అని అది చెప్పుకోలేదు. చెప్పేలోపలనే మనం తెలుసుకోవాలె. గందుకే గద మనుషులం."

పొయ్యి దగ్గర నుంచి లిదియా అందుకుంది. "ఇన్నవా బిడ్డా? నాకు పది దినాలకాంచి నడుం నొస్తుంది, ఎన్నడన్న చెవి పెట్టి ఇన్నడా అడుగు."

ముగ్గురూ నవ్వారు. పోతూ పోతూ సాయన్న వెనక్కి తిరిగి చూశాడు. రాళ్ళు కొట్టి కాయలు కాసిన ఆ చేతులు ఒకదాన్నొకటి రుద్దుకుంటున్నాయి, గ్రీజు తుడుచుకుంటున్నట్టు.

*

మర్నాడు సాయంత్రం సిద్ధిరాములు దుకాణంలోంచి ఉత్సాహంగా వచ్చాడు. స్టేషనులో దిగే టపా సంచులను ఎల్లారెడ్డికి మోటరు మీద తెప్పించాలని సర్కారు ఆలోచిస్తోంది. ఆ ఠేకా కోసం ఆయన ఏడాదిగా తిరుగుతున్నాడు. ఎల్లుండి టపా సాహెబు ఎల్లారెడ్డి నుంచి ఇదే మోటరులో కామారెడ్డి పోయి రైలెక్కుతాడు. మోటరు వేళకు చేరితే అక్కడే కాగితం మీద సంతకం.

"మంచిగ సింగారించు బండిని. ఇగో, ఇది చక్రాలకు పెట్టు," అని ఆయన ఎడ్లబండికి వేలాడే వెదురుబుడ్డి తీసి ఇచ్చాడు. అందులో కందెన. ఆముదంలో కాల్చిన గడ్డి మసి కలిపింది. "మా తాతనాటి బండ్లు దీంతోనే మెదక్ దాకా పోయినయి. గ్రీజు గ్రీజని పైసలు తగులబెట్టుడెందుకు?"

సాయన్న బుడ్డి చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. కర్ర ఇరుసుకు కందెన బంగారమే. గోలీల మధ్యకు మసి పోతే మాత్రం ఇసుకపోసి నూరినట్టే. అది అబ్రాహాము మొదటివారంలోనే చెప్పాడు. సీటు కింద డబ్బాలో గ్రీజు ఇంకా ఉంది. ఇన్నాళ్ళూ చేసినట్టు చాటుగా అదే పెట్టవచ్చు. సావుకారికి తెలియదు.

'సావుకారే చెప్పిండు గద,' అనుకున్నాడు సాయన్న. మొదటిసారిగా యజమాని మాటను ఉన్నదున్నట్టు పాటించాడు. ఆ రోజు ఎడమవైపు ముందు చక్రం వంతు. సావుకారి కూర్చునే చోటుకు ముందున్నది అదే. విప్పి, తుడిచి, కందెన నింపి, మూత పెట్టాడు. మూత తుడవడానికి మాత్రం చెయ్యి రాలేదు.

మరుసటి రోజు వచ్చేటప్పుడు చక్రంలో సన్నటి గరగర మొదలైంది. ప్యాసింజర్లెవరికీ వినిపించలేదు. ఎండకు ఆముదం కరిగి కారిపోయి ఇత్తడి మూత కింద నల్లటి చార దిగింది. కంకర కుప్ప దగ్గర ఎవరో కేక వేసినట్టనిపించింది. దుమ్ములో సాయన్న వెనక్కి చూడలేదు. ఇంటి దగ్గర ఆపి మూత మీద చెయ్యి పెట్టాడు. పెట్టీ పెట్టకముందే తీసేయాల్సి వచ్చింది. అన్నా, నువ్వు వద్దన్నదే చేసిన, అని మనసులోనే చెప్పుకున్నాడు.

మర్నాడు పొద్దున మోటరెక్కిన టపా సాహెబు సన్నటి మనిషి, మెడలో రుమాలు, చేతిలో గొలుసు గడియారం. ఆయనా, ఆయన బంట్రోతూ, రెండు పెట్టెలూ, నమూనాగా వేసిన టపా సంచులూ కలిసి వెనుక సీటంతా నిండిపోయింది. సిద్ధిరాములు కొత్త పగడీ చుట్టుకుని ముందు సీటులో దుప్పటి మీద కూర్చున్నాడు.

నాలుగు మైళ్ళు పోయేసరికి గరగర కాస్తా మూలుగైంది. సిద్ధిరాములు ఒకసారి కిందికి చూసి, ఏమీ కానట్టు సాహెబుతో నవ్వాడు. కంకర కుప్ప కనపడింది. రోడ్డు నడుమ ఒక మనిషి రెండు చేతులూ చాపి నిలబడి ఉన్నాడు.

సాయన్న బ్రేకు తొక్కాడు. మోటరు అబ్రాహాముకు మూరెడు దూరంలో ఆగింది.

"అరే, పిచ్చిగిట్ల లేసిందారా? సాబ్ ఉన్నడు బండిల, తప్పుకో!" అని సిద్ధిరాములు అరిచాడు.

అబ్రాహాము ఆయన వైపు చూడలేదు. నేరుగా ఎడమ చక్రం దగ్గరికి వచ్చి గొంతుక్కూర్చున్నాడు. ఉమ్మితో తడిపిన వేలు మూత మీద పెట్టాడు. సుయ్‌మంది.

"నిన్న పోయేటప్పుడే ఇన్న. అచ్చేటప్పుడు ఇంక ముదిరింది. కేకేసిన, ఆగలే. ఇంకో రెండు మైళ్ళు పోతే చక్రం ఊడి బండి బోర్లపడుతది."

సాహెబు కిందికి దిగాడు. "తుమ్ కో కైసే మాలూమ్? నీకెట్ల ఎరుక?" అన్నాడు.

"ఇనబడ్డది సాబ్."

"ఎక్కడి నుంచి?"

అబ్రాహాము కంకర కుప్ప వైపు చూపించాడు. అది యాభై గజాల దూరం. చుట్టూ పదిమంది రాళ్ళు కొడుతున్న చప్పుడు. సాహెబు ఆ కుప్పను చూశాడు, చక్రాన్ని చూశాడు, ఆ మనిషి చెవులను చూశాడు. గడియారం మూత తెరిచినవాడు టైము చూడటం మరిచిపోయాడు.

జాకీ మీద మోటరు లేచింది. చక్రం ఊడింది. లోపలి నల్లటి మసిని అబ్రాహాము వేలితో తీసి చూశాడు. కడగడానికి పెట్రోలు, గ్రీజు డబ్బా సాయన్న సీటు కింద నుంచి తీసి ఇచ్చాడు. డబ్బా మూత తెరిచి అబ్రాహాము చూశాడు. సగందాకా తెల్లటి గ్రీజు ఉంది. తల ఎత్తి సాయన్నను చూశాడు. ఇద్దరికే వినిపించేంత మెల్లగా అన్నాడు:

"డబ్బల ఉండంగ?"

సాయన్న తల దించుకున్నాడు. అబ్రాహాము ఒక్కొక్క గోలీనీ పెట్రోలులో కడిగి, తలరుమాలుతో తుడిచి, ఎండకు పట్టి చూశాడు. ఒకదాని మీద గోటితో గీసినంత గీత పడింది. దాన్ని చూసి నాలుక చప్పరించాడు, దెబ్బ తగిలిన పిల్లను చూసినట్టు. కాయలు కాసిన వేళ్ళు గ్రీజులో దిగగానే మళ్ళీ మెత్తబడ్డాయి. రాళ్ళు కొట్టేవాళ్ళంతా వచ్చి చుట్టూ నిలబడ్డారు. ఎండలో ఆ పని జరుగుతుంటే చూడటం తప్ప వాళ్ళకు వేరే ఏదీ తోచలేదు.

చక్రం ఎక్కింది. అబ్రాహాము తిప్పాడు. చప్పుడే లేదు.

"షాబాష్! ఎవరీ ఆద్మీ? మీ మనిషేనా?" అన్నాడు సాహెబు.

సిద్ధిరాములు వెంటనే అందుకున్నాడు. "మా మనిషే సాబ్! ఎనిమిదేండ్లకాంచి మా మనిషే. ఇగో, ఊకె నాలుగు దినాలు ఇటు దిక్కు పనుండె. రేపటికాంచి మళ్ళ బండి కాడనే ఉంటడు. ఏందిరా, ఉంటవ్ గద?"

అబ్రాహాము చేతులు తుడుచుకుంటున్నాడు. "ఉంట సావుకారి. కని ఒక గోలీకి గీత పడ్డది. కామారెడ్డి దాకా నేను ఇనుకుంట రావాలె."

"ఫుట్‌బోర్డు మీద నిలబడి ఇను. ఎప్పుడు నిలబడేదే గద?"

"ఆడ గాలి చెవులల్ల కొడ్తది. ఇయ్యాల గది సాలదు." అబ్రాహాము ఎంతో వినయంగా చెప్పాడు. "లోపల కూసుంటె కాళ్ళ కింది పలక మీద తెలుస్తది. గీ చక్రం ఎనుకనే కూసోవాలె."

ఆ చక్రం వెనుకే ఉన్నది దుప్పటి మడిచి వేసిన సావుకారి సీటు. చుట్టూ నిలబడ్డవాళ్ళలో ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. సిద్ధిరాములు దుప్పటిని చూశాడు, అబ్రాహామును చూశాడు, వెనుక నిండిన సీటును చూశాడు.

సాహెబు గడియారం చూసుకుని ఉలిక్కిపడ్డాడు. "పన్నెండుకు రైలు! బిఠావ్ ఉస్కో, జల్దీ. కూసోపెట్టు!"

అబ్రాహాము ఎక్కి కూర్చున్నాడు. ఎనిమిదేళ్ళు తుడిచిన సీటు ఎంత మెత్తగా ఉంటుందో అతనికి అప్పుడే తెలిసి ఉంటుంది. నడుం నిటారుగా పెట్టి, పాదాలు రెండూ పలకకు ఆనించి, కళ్ళు మూసుకున్నాడు. సిద్ధిరాములు పగడీ ఒక చేత్తో, టాపు కమ్మి ఒక చేత్తో పట్టుకుని ఫుట్‌బోర్డు మీద నిలబడ్డాడు. కంకర కుప్ప మీద నుంచి లిదియా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చూస్తోంది.

లింగంపేట దాటింది. తాడ్వాయి దాటింది. దారి పొడుగునా జనం ఆగి చూశారు. సాయన్న జీవితంలో ఎప్పుడూ అంత జాగ్రత్తగా బండి నడపలేదు. కామారెడ్డి ఇంకా రెండు మైళ్ళుందనగా ధైర్యం చేసి పక్కకు చూశాడు. అబ్రాహాము పాదాలు పలక మీద లేవు. రెండు కాళ్ళూ మడిచి సీటు మీద బాసిపట్టు వేసుకుని హాయిగా కూర్చున్నాడు. కళ్ళు తెరిచే ఉన్నాయి. పక్కన పరుగెత్తుతున్న పొలాలను చూస్తున్నాడు.

సాయన్న గొంతు తగ్గించి అడిగాడు. "అన్నా, చక్రం ఎట్లుంది?"

"దానికేమైంది, మంచిగుంది. కంకర కుప్ప కాడనే మంచిగైంది," అన్నాడు అబ్రాహాము. "నా తాడు ఇటియ్యి. ఎన్ని ముడులైనయి?"